రేవులో దిగే చేపల జాతుల జాబితా పెరుగుతోంది, సముద్రం బాగున్నట్టేనా?

తెల్లారి_రేవు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పీజీ ప్రాజెక్టు కోసం ఆరు నెలలుగా వారానికి రెండు రోజులు తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, బోట్లలోంచి దిగే చేపలు ఏ ఏ జాతులో రాసుకుంటున్నాను. మొదటి నెలతో పోలిస్తే జాబితా బాగా పెద్దదైంది. దాన్ని చూసి మా క్లాసువాళ్లు "ఇన్ని జాతులున్నాయంటే సముద్రం బాగానే ఉన్నట్టు కదా" అంటున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఎందుకంటే మొన్న ఒక ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ పోయే బోటు) ఖాళీ చేస్తుంటే వేలం పాటకి పెట్టిన చేప నాలుగైదు బుట్టలే వచ్చింది, పక్కన మేత కోసం పొడి కొట్టే ఫిష్ మీల్‌కి పోయే కుప్ప మాత్రం మోకాలి ఎత్తు ఉంది. అందులో చెయ్యి పెట్టి చూస్తే చిటికెన వేలంత సావిడాయి (రిబ్బన్‌లా పొడుగ్గా ఉండే చేప) పిల్లలు, గోరంత పీతలు, కళ్లు కూడా సరిగ్గా ఏర్పడని సొర పిల్ల ఒకటి. ఆ రోజు ఇంటికి వచ్చాక ఏమీ రాయబుద్ధి కాలేదు.

జాతుల సంఖ్య ఒక్కటే పట్టుకుని సంరక్షణ గురించి ఏమైనా చెప్పొచ్చా? ఇంకేం కొలవాలి? సొరలు తల, రెక్కలు కోసేసి వస్తున్నాయి, వాటిని ఏ జాతి కింద రాయాలి?

వలకన్ను:

మీ అనుమానం సరైనదే. ఎక్కువ రోజులు వెళ్తే ఎక్కువ జాతులు కనబడతాయి, అది సముద్రం సంగతి కాదు, మీరు తిరిగిన తిరుగుడు సంగతి. ఎన్ని రోజులకి ఎన్ని కొత్త జాతులు చేరాయో గ్రాఫ్ గీయండి. గీత ఇంకా పైకే పోతుంటే మీ జాబితా పూర్తి కాలేదని అర్థం.

దీనికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. రేవులో కనబడేది సముద్రంలో ఉన్నదంతా కాదు, వల పట్టినదీ మనిషి ఒడ్డుకు తేవాలనుకున్నదీ మాత్రమే. పెద్ద చేప తగ్గినకొద్దీ బోట్లు ఇంకా దూరం, ఇంకా లోతు వెళ్తాయి. ఒకప్పుడు నీళ్లలోనే పారేసిన రకాలు అమ్మకానికి వస్తాయి. అంటే సముద్రం ఖాళీ అవుతున్న రోజుల్లోనే రేవు జాబితా పొడుగెక్కొచ్చు. కెనడా తూర్పు తీరంలో కాడ్ చేప విషయంలో పట్టుబడి లెక్క ఎంత మోసం చేసిందో చదవండి. మిగిలిన చేప కొద్ది చోట్ల గుంపు కట్టింది, బోట్లు సరిగ్గా అక్కడికే వెళ్లాయి, వలలు నిండాయి కాబట్టి చేప ఉందనుకున్నారు. 1992లో ఆ వేటనే ఆపేయాల్సి వచ్చింది.

అందుకే ప్రతి బోటుకీ వల రకం, వల కన్ను సైజు, ఎన్ని గంటలు లాగారు, ఎంత లోతులో లాగారు, ఇవన్నీ రాయండి. షానన్ సూచీ (జాతులెన్ని, ఒక్కోటి ఎంత వాటా ఉందో కలిపి వైవిధ్యాన్ని చెప్పే అంకె) వేస్తే వేయండి, కానీ ట్రాలర్‌దీ నీళ్లలో గోడలా నిలబెట్టే గిల్ నెట్‌దీ కలిపి వేయకండి, ఆ అంకెకి అర్థం ఉండదు.

సొరల విషయానికొస్తే, బియ్యపు గింజంత కండ ముక్క ఆల్కహాల్‌లో వేసి దాచండి. సీఓఐ అనే జన్యువులో సుమారు 650 డీఎన్ఏ అక్షరాల భాగం చదివితే చాలావరకు జాతి తేలుతుంది. ల్యాబ్ దొరక్కపోతే "సొర, జాతి తెలియదు" అని రాయండి. ఊహించి మాత్రం పేరు పెట్టకండి.

ఉప్పుగాలి:

తమ్ముడూ, నేను చదువుకున్నది తక్కువ, బోటు మీద పదకొండేళ్లు పనిచేశాను. జట్టువాళ్లని అడిగి పేర్లు రాసుకుంటున్నట్టయితే ఒక్కసారి జాగ్రత్త. మేం వంజరం అనేది ఒక్క జాతి కాదు. పక్కల మీద నిలువు చారలుంటే ఒకటి, గుండ్రటి చుక్కలుంటే ఇంకొకటి, చిన్న చిన్న గీతల్లా ఉంటే మూడోది. మాకు మూడూ వంజరమే. టేకు (రే చేప) అన్నా అంతే, ఆ ఒక్క పేరు కింద ఎన్ని రకాలో.

ఇంకోటి, ఆ కుప్పని వదలకు. వేలం దగ్గర నిలబడితే మంచి చేపే కనబడుతుంది, పోయేదంతా కుప్పలోనే ఉంటుంది. ఒక బుట్ట తీసుకుని అడుగు దాకా ఏరి చూడు, పిల్లలెన్ని, ఎదిగినా ఇంతే ఉండే రకాలెన్ని. జట్టువాళ్ల మీద కోపం పెట్టుకోకు. డీజిల్ డబ్బులు రావాలని తెస్తారు గానీ పిల్లల్ని చంపాలని ఎవరికీ ఉండదు. వయసైన సరంగుల (బోటు నడిపేవాళ్ల) దగ్గర కూర్చుని రంపపు చేప ఎప్పుడు చివరిసారి చూశారో అడుగు, వాళ్లు చెప్పేది రాసుకో. నేను పనిచేసినన్నాళ్లలో ఒక్కటీ చూడలేదు.

నీలిరాయి:

సంరక్షణ గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ప్రతి జాతి పక్కనా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ (ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే ప్రపంచ జాబితా) స్థాయి రాయండి, కానీ "సమాచారం చాలదు" అని ఉన్నవాటిని క్షేమంగా ఉన్నవాటితో కలపకండి. చాలామంది ప్రాజెక్టుల్లో ఈ తప్పే చేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. సొరలు, టేకులు వంటి మృదులాస్థి చేపల్లో మూడో వంతుకు పైగా ముప్పులో ఉన్నాయి. అవి ఆలస్యంగా ఈడుకొస్తాయి, కొద్ది పిల్లల్నే కంటాయి, అందుకే తట్టుకోలేవు. పెద్ద గిటార్ చేపలు, వాటి దగ్గరి చుట్టాలైన వెడ్జ్ చేపలు కలిపి 2019లో 16 జాతులు పరిశీలిస్తే ఒక్కటి తప్ప అన్నీ అత్యంత ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. గిటార్ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. నిండు కడుపుతో ఒక్క తల్లి వలలో పడితే లోపలి పిల్లలూ పోయినట్టే.

మిగతా చేపలకి పొడవు కొలవండి. రైనర్ ఫ్రోస్ 2004లో సూచించినవి మూడే, ఎవరికైనా అర్థమవుతాయి: ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసుకొచ్చినవి ఎంత శాతం, సరిగ్గా పట్టదగిన పొడవున్నవి ఎంత శాతం, బాగా పెద్ద తల్లి చేపలు ఎంత శాతం. పొట్ట కోసేటప్పుడు అడిగితే జన (గుడ్లు) పట్టిందో లేదో చూపిస్తారు, అది కూడా రాసుకోండి.

తెల్లారి_రేవు:

ముగ్గురికీ చాలా థాంక్స్. ఇన్నాళ్లూ బోటు వివరాలు రాయలేదు, ఈ వారం నుంచి రాస్తాను. కుప్పలోంచి ఒక బుట్ట ఇవ్వడానికి ఒక సరంగు ఒప్పుకున్నాడు. ఒక్క డౌట్, సావిడాయిల తోకలు సగానికి విరిగి ఉంటున్నాయి, పొడవు ఎలా కొలవాలి?

వలకన్ను:

తోక వదిలేయండి. మూతి కొస నుంచి మలద్వారం దాకా కొలవండి, దాన్నే అన్నింటికీ ఒకేలా వాడండి. తోక విరగనివి దొరికినప్పుడు మొత్తం పొడవు కూడా రాసి పెట్టుకుంటే తర్వాత ఒకదాన్నుంచి ఇంకోటి లెక్కగట్టొచ్చు.