నిద్రపోతున్న పాపను కారులో ఉంచి రెండు నిమిషాలు దిగొచ్చా? (బెంగళూరు)

మారతహళ్ళి అమ్మ:
మా పాపకు రెండేళ్ళు. కారెక్కితే చాలు, నిద్రపోతుంది. దారిలో మందుల షాపు దగ్గరో, పాల ప్యాకెట్ల కోసమో ఆగితే మా ఆయన "లేపితే ఏడుస్తుంది, అద్దం కాస్త దించి రెండు నిమిషాల్లో వచ్చేద్దాం" అంటారు. వద్దంటే "ఇదేమన్నా కర్నూలా? బయట 28 డిగ్రీలే కదా" అంటారు. మా అత్తగారిదీ అదే మాట. నాకేమో టెన్షన్. లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి, ఇద్దరికీ చూపిస్తాను.

సీమ నర్సు:
అమ్మా, మీ భయం సరైనదే. మాది అనంతపురం, ఇక్కడ బెంగళూరులో పిల్లల వార్డులో నర్సుని. వడదెబ్బ అంటే మనవాళ్ళకు మే నెల మిట్టమధ్యాహ్నమే గుర్తొస్తుంది. కారుకి అంత ఎండ అక్కర్లేదు. అద్దాల్లోంచి వచ్చిన ఎండకు సీట్లూ డ్యాష్‌బోర్డూ కాలుతాయి, ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు.

2005లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. బయట సుమారు 22 నుంచి 35 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో కారును ఎండలో పెట్టి కొలిచారు. బయట ఎంత ఉన్నా, గంటలో లోపల దాదాపు 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ ఆయన చెప్పిన 28కి ఈ 22 కలపమనండి. ఇక మన ఊరు ఎప్పుడూ 28 దగ్గరే ఉంటుందా? 2016 ఏప్రిల్‌లో 39 దాటింది.

పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 దాటి, పిల్ల మత్తుగా అయిపోయిందంటే అది వడదెబ్బే. సీటు బెల్టు తనంతట తాను విప్పుకోలేదు, నిద్రలో ఉంటే ఏడవనైనా ఏడవదు. ఆ రెండు నిమిషాలు కూడా రెండు నిమిషాలుగా ఉండవమ్మా. షాపులో ముందు నలుగురుంటారు, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, చీటీలో ఉన్న మందు లోపల వెతుకుతారు. పాప ఏడిస్తే ఏడవనివ్వండి, ఎత్తుకుని దిగండి.

క్యాబ్ నడిపే మదనపల్లె వాడిని:
నర్సక్క చెప్పింది నిజం. కొందరు ఏసీ ఆన్ చేసి వదిలిపోతారు, అదీ వద్దు మేడమ్. ఇంజన్ ఆగిపోతే ఏసీ పోతుంది, పిల్ల గేరు కదిలిస్తే బండి కదులుతుంది. బేస్‌మెంట్‌లో అయితే పొగ విషమవుతుంది.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లలు దాగుడుమూతలాడుతూ లాక్ వేయని కారులో దూరతారు. వెనక డోర్లకు చైల్డ్ లాక్ ఉంటే లోపలి నుంచి తెరుచుకోవు. మీ కారు ఇంట్లో ఉన్నా లాక్ వేయండి, తాళం పిల్లలకు అందనీయకండి. కాస్త పెద్ద పిల్లలైతే ముందు సీటుకి దూకి ఆ డోరు తీయడం, తెరుచుకోకపోతే హారన్ మీద చెయ్యి పెట్టి వదలకుండా నొక్కడం నేర్పండి. పిల్ల కనబడకపోతే మొదట సంపు, ఆ వెంటనే కార్లు, డిక్కీలతో సహా చూడాలి.

కొత్త నాన్న, బెళ్ళందూరు:
పిల్లలను కారులో మర్చిపోయే తల్లిదండ్రులు కూడా ఉంటారా? నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

సీమ నర్సు:
ఉంటారు బాబూ, ప్రేమ లేక కాదు. అమెరికాలో కారు లోపలి వేడికి ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు పోతున్నారు, అందులో సగానికి పైగా పెద్దవాళ్ళు మర్చిపోయినవాళ్ళే. రోజూ అమ్మ క్రెష్‌లో దింపుతుంది, ఆ రోజు నాన్న తీసుకెళ్తాడు, వెనక పిల్ల నిద్రపోతుంది, చేతులు అలవాటుగా ఆఫీసు దారి పట్టేస్తాయి. ఇటలీలో నాలుగేళ్ళలోపు పిల్లల సీటుకి హెచ్చరిక పరికరం ఉండాలని 2019లో తప్పనిసరి చేశారు. మీరు ఆఫీసు బ్యాగు, ఐడీ కార్డు వెనక సీట్లో పాప పక్కనే పెట్టుకోండి. క్రెష్‌వాళ్ళకు "పాప టైముకి రాకపోతే మా ఇద్దరికీ ఫోన్ చేయండి" అని ముందే చెప్పి ఉంచండి.

మారతహళ్ళి అమ్మ:
అక్కా, ఆయన చదివారు. దిగేటప్పుడు ఎత్తుకుంటానన్నారు. ఎవరి పిల్లో కారులో ఉండిపోయినట్టు కనబడితే ఏం చేయాలి?

సీమ నర్సు:
పిల్ల చెమటతో తడిసిపోయినా, పిలిస్తే కదలకపోయినా ఓనరు కోసం ఎదురుచూడకండి. ఒకరు 112కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పిల్లకు దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టాలి. ముందు పెద్ద అద్దం జోలికి పోవద్దు, అది పొరల గాజు, పగిలినా ఊడి రాదు. బయటికి తీశాక నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడుపుతూ విసరండి. 108 వచ్చేదాకా ఆపొద్దు. మెలకువ లేని పిల్ల నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసిటమాల్ కూడా వేయకండి, అది జ్వరానికి, ఈ వేడికి పనిచేయదు.