తమ్ముడి అప్పీలు నుంచి మా లాయరే తప్పుకుంటానంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

పేరు_వద్దులెండి
పాత ఐడీతో రాయడానికి మొహం చెల్లక కొత్తది తెరిచాను. మా తమ్ముడు ఎమ్మెస్‌కని వచ్చి చదువు మధ్యలో ఆపేశాడు. "ఫలానా ఇంటికెళ్లి ప్యాకెట్ తెచ్చిస్తే చాలు, ట్రిప్పుకింత" అన్నవాళ్ల మాట నమ్మాడు. ఆ ప్యాకెట్లలో ఉన్నది ముసలివాళ్లను ఫోన్లో బెదిరించి లాగిన డబ్బు. ఇల్లినాయ్‌లో ఫెడరల్ కేసు, వైర్ ఫ్రాడ్ కుట్ర. నేరం ఒప్పుకుని ప్లీ చేశాడు, 41 నెలలు వేశారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదని కోర్టే ఇచ్చింది. అప్పీలుకి ఇంకొకరిని ఇచ్చింది.

మొన్న వాడికి జైల్లో లావుపాటి కవరొచ్చింది. ఫోన్లో చదివి వినిపిస్తుంటే 15 నిమిషాలకి లైన్ తెగిపోయింది. మిగతాది సాయంత్రం చదివాడు. నాకర్థమైంది ఇంతే: "ఈ అప్పీలులో వాదించడానికేమీ లేదు, నన్ను తప్పుకోనివ్వండి" అని మా లాయరే కోర్టుకి 28 పేజీలు రాశారు. అవతలి పక్షం నోరు విప్పే పనే లేదిక. నరసరావుపేట నుంచి అమ్మ రోజూ "అప్పీలు ఏమైందే" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. లాయర్ని మార్చమని కోర్టుకి రాయొచ్చా?

నేపర్‌విల్_రావు
అమ్మా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. నేను లాయర్ని కాను, కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా తిరుగుతుంటాను. ఇలాంటి కవర్లు చాలా చూశాను. దాన్ని యాండర్స్ బ్రీఫ్ అంటారు (బ్రీఫ్ అంటే అప్పీలు కోర్టుకి లాయరు రాసిచ్చే వాదన). కాలిఫోర్నియాలో గంజాయి కేసులో శిక్ష పడిన యాండర్స్ అనే ఆయనకి కోర్టు ఇచ్చిన లాయరు "అప్పీలులో పస లేదు" అని ఓ చిన్న ఉత్తరం ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు. అది చాలదని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పుకోవాలంటే లాయరు రికార్డంతా చదవాలి, వాదించడానికి ఏ కాస్త ఆస్కారం ఉన్నా దాన్ని బ్రీఫులో చూపించాలి. కాపీ ముద్దాయికి ఇవ్వాలి, తన మాట తను రాసుకోవడానికి గడువివ్వాలి. ఆపైన తేల్చాల్సింది కోర్టు, లాయరు కాదు.

28 పేజీలన్నారే, నిజానికి అది నయం. ఒక్క పేజీలో ముగించి ఉంటే భయపడాల్సింది.

లాయర్ని మార్చమని అడగడం దాదాపు దండగ. మీ తమ్ముడు రాయాల్సింది జవాబు. ఇల్లినాయ్ ఫెడరల్ అప్పీళ్లు వినే కోర్టు, చికాగోలోని సెవెంత్ సర్క్యూట్‌లో దానికి 30 రోజులిస్తారు, నోటీసు కోర్టు నుంచే విడిగా వస్తుంది. ఇంకో సంగతి, ఇది ముఖ్యం: బ్రీఫు పైకి సవ్యంగా కనిపిస్తే ఆ కోర్టు అందులో ఉన్న అంశాలూ, మీవాడు జవాబులో ఎత్తినవీ మాత్రమే చూస్తుంది. రికార్డంతా మళ్లీ తవ్వదు. కాబట్టి ఊరుకుంటే నష్టం మీదే.

సూటిగా_చెప్తా
అందరూ ఓదారుస్తున్నారు కానీ, ముసలివాళ్ల డబ్బు పోయింది కదా? 2019లో మిషిగన్‌లో ఆ ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ గొడవప్పుడు కూడా ఇంతే, మనవాళ్ల పేర్లు చదవలేక తల దించుకున్నాం. తప్పు చేశాక అనుభవించాలి.

పేరు_వద్దులెండి
అనుభవిస్తున్నాడండి. కాదనలేదు.

పాత_వకీలు_ఒంగోలు
మన దగ్గర ఈ పద్ధతే లేదు. లీగల్ ఎయిడ్ లాయరు "నా క్లయింటు అప్పీలులో పస లేదు" అని రాసిస్తే జడ్జిగారు చీవాట్లు పెడతారు. 1978లో హోస్కోట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ జైల్లో ఉన్నవాడికి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి, అప్పీలుకి లాయర్నీ ఇవ్వాలి అన్నారు. 1996లో బానీ సింగ్ కేసులో, లాయరు రాకపోయినా రికార్డు చూసే అప్పీలు తేల్చాలి తప్ప గైర్హాజరని కొట్టేయకూడదన్నారు. కాగితం మీద మనదే మెరుగు. అలాగని ఎగతాళి చేయను. జైలు అప్పీలు బెంచి మీదకి వచ్చేసరికి శిక్ష సగం అనుభవించేసినవాళ్లని నేను స్వయంగా చూశాను.

అక్కయ్య_ఇండియానా
చెల్లీ, మాకూ ఇదే వచ్చింది, మావారి కేసులో. మేం చేసిన తప్పు చెప్తాను. ఆయన జవాబుగా 22 పేజీలు చేత్తో రాశారు. పిల్లలు చిన్నవాళ్లు, అత్తయ్యకి డయాలసిస్, జడ్జికి మేమంటే చులకన, పాత లాయరు ఫోనెత్తేవాడు కాదు, అన్నీ రాశారు. ఏడుస్తూ ఫెయిర్ చేశాను నేనే. కోర్టు ఆర్డరు మూడు పేజీలొచ్చింది. ఆ 22 పేజీలకి రెండు వాక్యాలు. అప్పీలు కొట్టేశారు.

తర్వాత తెలిసిందేంటంటే, పాత లాయరు సరిగ్గా చేయలేదన్న గొడవ ఈ అప్పీలులో ఎత్తకూడదు. లాయరు నీతో ఫోన్లో ఏమన్నాడో రికార్డులో ఉండదు కదా, అప్పీలు కోర్టు రికార్డే చూస్తుంది. ఇక్కడ ఎత్తి ఓడిపోతే మళ్లీ ఎత్తే దారి మూసుకుపోవచ్చు. దానికి 2255 అని వేరే పిటీషన్ ఉంది, కింది కోర్టులోనే వేయాలి. ఆ గొడవ మొదటిసారి ఆ పిటీషన్‌లోనే ఎత్తినా ఫర్వాలేదని 2003లో మస్సారో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు ఒక్క ఏడాది. అప్పీలు పోయాక సుప్రీంకోర్టుకి వెళ్లకపోతే, వెళ్లడానికున్న 90 రోజులు అయిపోయిన దగ్గర్నుంచి ఆ ఏడాది లెక్క. మేం ఆ లెక్క తప్పాం.

బ్లూమింగ్టన్_బాబాయ్
మా బావమరిది కేసులో పని జరిగింది, కొంచెమే అనుకోండి. శిక్ష చెప్పిన రోజు ట్రాన్స్‌క్రిప్టు, తర్వాత వచ్చిన జడ్జిమెంటు కాగితం రెండూ పక్కన పెట్టుకుని గీతలు గీస్తూ చదివాం. విడుదలయ్యాక పర్యవేక్షణలో ఉన్నన్నాళ్లూ పాటించాల్సిన షరతులు ఉంటాయి కదా, కాగితంలో ఉన్న ఒక షరతు జడ్జి నోటితో చెప్పనే లేదు. నోటి మాటకీ రాతకీ తేడా వస్తే నోటి మాటే చెల్లుతుంది. ఒక్క పేజీ రాశాం, ఫలానా పేజీ ఫలానా లైను అని. కోర్టు లాయర్ని తప్పుకోనివ్వలేదు, ఆ పాయింటు మీద మామూలు బ్రీఫు వేయమంది. షరతు పోయింది. జైలు మాత్రం ఒక్క రోజు తగ్గలేదు. మా అత్తగారు పాయసం చేశారు, ఏం గెలిచామో ఆవిడకి చెప్పలేకపోయాను.

ప్లీ ఒప్పందంలో అప్పీలు హక్కు వదులుకున్నాడేమో చూసుకోండి. వదులుకుని ఉంటే కష్టం.

నేపర్‌విల్_రావు
ఇంకొకటి. ప్లీ వెనక్కి తీసుకుంటావా అని లాయరు మీ తమ్ముణ్ణి అడిగి ఉంటారు, ఎందుకు అడిగారో గమనించండి. తీసుకోనంటే, ప్లీ రోజున జడ్జి వేయాల్సిన ప్రశ్నలన్నీ వేశారా లేదా అన్నది బ్రీఫులో చర్చించనక్కర్లేదని ఆ సర్క్యూట్ 2002లో నాక్స్ అనే కేసులో చెప్పింది. తీసుకుంటానంటే అదొక జూదం. గెలిస్తే ప్లీ పోతుంది, ఒప్పందమూ పోతుంది, వదిలేసిన చార్జీలు మళ్లీ నెత్తిమీదకొస్తాయి. కోపంలో "అవును" అని రాసేసినవాళ్లు ఉన్నారు.

స్టూడెంట్ వీసా అంటున్నారు కాబట్టి ఇదీ చూడండి. నష్టం 10,000 డాలర్లు దాటిన మోసం కేసు ఇమిగ్రేషన్ చట్టంలో అగ్రవేటెడ్ ఫెలనీ, అంటే దేశం నుంచి పంపేసేంత తీవ్రమైన నేరం. ప్లీ చేస్తే దేశం నుంచి పంపేస్తారన్న సంగతి లాయరు చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో అన్నారు. పంపరని లాయరు భరోసా ఇచ్చిన ఒక కొరియా ఆయన 2017లో సుప్రీంకోర్టులో గెలిచాడు కూడా. మీవాడికి చెప్పారా లేదా అన్నది అక్కయ్యగారన్న 2255 దారిలోకే వస్తుంది, ఇప్పుడు కాదు.

పేరు_వద్దులెండి
అప్పీలు హక్కు వదులుకోలేదు. ప్లీ వెనక్కి వద్దన్నాడట, ఉత్తరం మీద సంతకం పెట్టి పంపాడట. జవాబు వాడి తరఫున నేను రాసి పంపొచ్చా?

నేపర్‌విల్_రావు
టైపు చేసి పోస్టులో పంపండి, సంతకం మాత్రం వాడిదే. లాయర్లు కానివాళ్లు ఇంకొకరి తరఫున ఫైల్ చేయకూడదు. గడువులోగా జైలు లీగల్ మెయిల్‌లో (ఖైదీల కోర్టు కాగితాలు తీసుకునే జైలు పోస్టు) ఇస్తే చాలు, కోర్టుకి ఆలస్యంగా చేరినా చెల్లుతుంది. ఇచ్చిన తేదీ, స్టాంపు అంటించిన సంగతి రాసి కింద సంతకం పెట్టమనండి. ట్రాన్స్‌క్రిప్టు లాయర్ని అడగండి, ఉచితంగా పంపుతారు. ఫెడరల్ కోర్టు కాగితాలు దొరికే వెబ్‌సైట్ పేసర్‌లో అయితే పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే బిల్లు వేయరు. శిక్ష వేసేముందు జడ్జి కోసం ప్రొబేషన్ ఆఫీసరు రాసిన నివేదిక, పీఎస్ఆర్ అంటారు, అది మాత్రం జైలుకి పంపకండి. అది ఖైదీల దగ్గర ఉండనివ్వరు, ఆఫీసులో అడిగి చదువుకోవాల్సిందే.

పేరు_వద్దులెండి
మూడు వారాల తర్వాత రాస్తున్నా. లాయరుగారికి ఫోన్ చేశాను. తిడదామనే చేశాను, ఆవిడ అరగంట ఓపిగ్గా మాట్లాడి ట్రాన్స్‌క్రిప్టు ఈమెయిల్ చేశారు. రాత్రి పిల్లలు పడుకున్నాక చదివాను. 17వ పేజీలో జడ్జి అడుగుతారు, నష్టం మొత్తం మీద అభ్యంతరం ఉందా అని. ముఠా మొత్తం నష్టమది, మావాడు మోసింది నాలుగు ప్యాకెట్లు. అప్పటి లాయరు "లేదు, యువర్ ఆనర్" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ పాయింటు పోయిందని ఈవిడ బ్రీఫులోనే రాశారు.

కానీ 23వ పేజీలో వీడిది చిన్న పాత్ర, కాబట్టి శిక్ష ఎంతో తేల్చే గైడ్‌లైన్స్ లెక్కలో పాయింట్లు తగ్గించాలని అదే లాయరు అడిగారు. జడ్జి రెండు వాక్యాల్లో కాదని ముందుకెళ్లిపోయారు. మిగతావాళ్లతో పోల్చి చూడలేదు. బ్రీఫులో దీని గురించి ఒక్క పేరానే ఉంది. మా జవాబంతా అదే, రెండున్నర పేజీలు. జడ్జి చులకన, అమ్మ ఆరోగ్యం అన్నీ రాసి, అక్కయ్యగారి మాట గుర్తొచ్చి కొట్టేశాను.

బ్లూమింగ్టన్_బాబాయ్
పేజీ, లైను నంబర్లు వేశారా?

పేరు_వద్దులెండి
వేశానండి. 23వ పేజీ, 4 నుంచి 11. గురువారం లీగల్ మెయిల్‌లో ఇచ్చాడు, గడువుకి ఇంకా ఆరు రోజులుంది. కోర్టులో ఎక్కిందో లేదో రోజూ పొద్దున్నే చూస్తున్నా.