సంఘమంతా గొంతు కలిపి పాడాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. మా చర్చి ఆరాధనలో క్వాయర్ (గాయక బృందం) పాడుతుంటే సంఘం నిలబడి వింటోంది. తెలిసిన కీర్తనలకు కూడా రెండో చరణానికే గొంతులు ఆగిపోతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు 1: ముందు స్కేల్, అంటే పాట ఎంత ఎత్తు శ్రుతిలో ఉందో చూడండి బ్రదర్. లీడర్ గొంతుకు హాయిగా ఉన్నది సంఘానికి తరచూ ఎక్కువవుతుంది. పాటలో అన్నిటికన్నా పై స్వరం ఏదో కీబోర్డ్ మీద వెతకండి. స్త్రీల గొంతుకు అది పై సప్తకంలోని 'డి' దాటుతుంటే కీబోర్డ్‌లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌లో 2 మెట్లు తగ్గించండి. మగవాళ్లు ఒక సప్తకం కింద పాడతారు, వాళ్లకూ అదే లెక్క. మరీ తగ్గిస్తే మాత్రం కింది స్వరాలు ఎవరికీ పలకవు.

జవాబు 2: స్కేల్ సరిచేసినా డ్రమ్స్ హోరులో పక్కవాళ్ల గొంతు వినపడకపోతే మనిషి పాడటం మానేస్తాడు. చివరి చరణానికి వాద్యాలు పూర్తిగా ఆపండి. బైబిల్లో కొలొస్సయులకు 3:16 పాటలతో ఒకరికొకరు బోధించుకోమంటోంది కదా, వినపడకుండా అదెలా సాధ్యం?

జవాబు 3: కొత్త పాట నెలకు ఒక్కటి చాలు, వరుసగా 3 ఆదివారాలు అదే పాడించండి. స్క్రీన్ వాడితే చరణంలో చివరి మాట అంటుండగానే స్లైడ్ మార్చాలి. ఆలస్యమైతే తర్వాతి చరణం తొలి పాదం ఎవరూ అందుకోలేరు.