చోడి దిగుబడి పోలిక: మాన్-విట్నీకి ఎన్ని మడులు కావాలి?

గుణుపురం_మెట్ట
రాయగడ జిల్లా మెట్టల్లో చోడి (రాగి). వరుస నాటు ఒక పద్ధతి, వెదజల్లు ఒకటి. ఒక్కోదానికి మూడేసి మడులే దొరికాయి. 5 మీ. × 5 మీ. గడి కోసి, ఎండబెట్టి, తూచిన లెక్క. మూడేసి అంకెలతో పంపిణీ గంట ఆకారపు నార్మల్‌ అవునో కాదో తేలదు కదా, అందుకని రెండు గుంపుల్ని ర్యాంకులతో పోల్చే మాన్-విట్నీ పరీక్ష పెడదామనుకుంటున్నాం. సరిపోద్దా అండీ?

వంశధార_ఒడ్డు
సరిపోదు. తేడా ఎంతున్నా సరిపోదు. ఆరింట్లో మూడు ఎంచే తీరులు 20. వరుస నాటు మడులు మూడూ పైన, వెదజల్లువి మూడూ కింద పడినా రెండు వైపులా కలిపి 2/20, అంటే పీ విలువ (నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.10. దానికన్నా కిందికి దిగే దారే లేదు, తేడా ఉందనడానికేమో మామూలుగా 0.05 కన్నా తక్కువ కావాలి. నాలుగేసి మడులైతే తీరులు 70, కనిష్ఠం 2/70 = 0.029.

అలాగని నాలుగు చాలనుకోకండి. ఊరికే అంకెలు వేసి చూద్దాం (గడికి కిలోలు):
వెదజల్లు: 2.4, 2.9, 3.1, 4.0
వరుస నాటు: 3.6, 4.3, 4.8, 5.2
ఎనిమిదింటినీ కలిపి చిన్న నుంచి పెద్దకి ర్యాంకులిస్తే వెదజల్లుకి 1, 2, 3, 5. మొత్తం 11. అందులోంచి 4×5/2 = 10 తీసేస్తే యూ (వెదజల్లు మడి గెలిచిన జతల సంఖ్య) = 1. 16 జతల్లో 15 సార్లు వరుస నాటే గెలిచింది, అయినా పీ విలువ 4/70 = 0.057! ఆ ఒక్క 4.0 మడి అడ్డం తిరిగినందుకే. పంపిణీ ఏదైనా పర్లేదన్నది నిజమే గానీ, శాంపిల్ ఎంతున్నా పర్లేదని ఎవరూ అనలేదు.

పర్లాకిమిడి_లెక్కలు
శాంపిల్ సైజు ముందే కట్టుకోడానికి నోథర్ 1987 సూత్రం చేతిలెక్కకి లొంగుతుంది. ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి: అందులోంచి ఒక మడి, ఇందులోంచి ఒక మడి గుడ్డిగా తీస్తే, వరుస నాటుది ఎక్కువ వచ్చే అవకాశం ఎంతుంటే మీకు లెక్కలోకి వస్తుంది? తేడా లేకపోతే 0.5. మీది 0.65 అనుకోండి. రెండు గుంపులూ సమానం, 5 శాతం స్థాయి, 80 శాతం పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) అయితే, 7.85 వాటి నుంచే వస్తుంది:
మొత్తం = 7.85 ÷ (3 × 0.15²) = 116.3
సమంగా పంచాలి కాబట్టి 118, అంటే గుంపుకి 59. అదే 0.70 అయితే మొత్తం 66. 0.60కి దిగారా, 262.

ఇంకో దారి: సగటుల్ని పోల్చే టీ-టెస్ట్‌కి ఎన్ని కావాలో చూసి 0.864తో భాగించడం. హాడ్జెస్, లేమన్ 1956లో చూపించిన అడుగు హద్దు అది. పంపిణీ ఆకారం ఎలా ఉన్నా, రెండు గుంపులకీ ఒకటే అయి పక్కకి జరిగినంతవరకు, పెద్ద శాంపిళ్లలో టీ-టెస్ట్‌తో పోలిస్తే మాన్-విట్నీ సామర్థ్యం అంతకన్నా పడదు. నిజంగా నార్మల్ అయితే 0.955. టీ-టెస్ట్‌కి గుంపుకి 64 వస్తే మాన్-విట్నీకి 75. పందులు పడి, వాన పడి పదో వంతు మడులు పోతాయనుకుంటే 75ని 0.9తో భాగించండి, 84. చాలామంది 1.1తో గుణించి 83 దగ్గర ఆగిపోతారు.

ఇక శాంపిల్ సైజు అనగానే అందరూ రాసే ఆ 384. అందరి థీసిస్ సినాప్సిస్‌లోనూ అదే అంకె. 1.96² × 0.25 ÷ 0.05² అది, ఒక శాతాన్ని 5 పాయింట్ల తేడాతో అంచనా కట్టడానికి. రెండు పద్ధతుల పోలికకీ దానికీ చుట్టరికం లేదు.

ప్రాణహిత_సిరొంచ
మా దిక్కు తైదలంటరు, లెక్క మాత్రం ఒక్కటే. అసలు అడగాల్సింది ఇంకోటుంది: ఆ మూడు మడులు ముగ్గురు రైతులవా, ఒక్కరివేనా? ఒక్కరి చేన్లో మూడు చోట్ల కోస్తే అవి మూడు కావు. ఊర్ల వారీగా పోయినా అంతే. ఊరికి 10 మడులు, ఒకే ఊరి మడుల మధ్య పోలిక (సహసంబంధం) 0.05 అనుకుంటే మడుల సంఖ్యను 1 + 9 × 0.05 = 1.45తో గుణించాలె. పైన వచ్చిన 118 కాస్తా 172 అయితది, అంటే 18 ఊర్లు. ఊరంతా ఒకటే పద్ధతైతే పరీక్ష కూడా మార్చాలె. మామూలు మాన్-విట్నీ మడులన్నీ వేటికవే అనుకొని పీ విలువను తక్కువ చేసి చూపిస్తది. ఊరికో మీడియన్ (మధ్య విలువ) తీసి 9కి 9 పోల్చుడు తేలిక. మడులన్నీ వాడాలంటే దత్తా-సాటెన్ (2005) పరీక్ష ఉంది.

'మీడియన్లు వేరు' అని కూడా రాయకండి. రెండు గుంపుల ఆకారం ఒక్కటైతేనే ఆ మాట చెల్లుతది. ఒక గుంపు ఎక్కువ చెదిరి ఉంటే బ్రునర్-మున్జెల్ పరీక్ష చూడండి.

గుణుపురం_మెట్ట
మూడూ ముగ్గురు రైతులవే. అదే రైతు పొలంలో సగం ఇలా, సగం అలా వేయించగలం వచ్చే ఖరీఫ్‌కి. అప్పుడు?

వంశధార_ఒడ్డు
అప్పుడు మాన్-విట్నీ కాదు, జతల్లోని తేడాలకి ర్యాంకులిచ్చే విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పరీక్ష. మంచి పనే, నేల తేడా జతలోనే కొట్టుకుపోతుంది. ఏ సగం దేనికో మాత్రం బొమ్మా బొరుసూ వేయండి. రైతుకి వదిలేస్తే మంచి సగం వరుస నాటుకే పోతుంది. అయిదుగురైతే కనిష్ఠం 2/32 = 0.0625, దండగ. ఆరుగురికి 0.031, కానీ ఆరుగురూ ఒకే వైపు ఉండాలి. అతి చిన్న తేడా ఒక్కటి ఎదురు తిరిగినా మళ్లీ 0.0625. ఎనిమిదిమందిని పట్టండి: ఎదురు తిరిగిన ర్యాంకుల మొత్తం 3 దాకా ఉన్నా 10/256 = 0.039. ఇది గట్టెక్కే కనీసం మాత్రమే, పవర్ లెక్క కాదు.

ప్రాణహిత_సిరొంచ
తూకం 100 గ్రాముల కాటా మీద వద్దు. రెండు సగాలూ 3.4 అని వస్తే తేడా సున్నా, ఆ రైతును విల్‌కాక్సన్ పద్ధతి లెక్కలోంచే తీసేస్తది, ఎనిమిది ఏడైతది. ప్రాట్ పద్ధతిలో సున్నాకు కూడా ర్యాంకిచ్చి తర్వాత పక్కన పెడతరు. ఏది వాడేది కోతకు ముందే రాసిపెట్టుకోండి. టైలుంటే (ఒకే విలువ రెండు చోట్ల వస్తే) గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో మామూలు విల్‌కాక్స్ టెస్ట్ హెచ్చరిక ఇచ్చి ఉజ్జాయింపు పీ విలువ చూపించొచ్చు. ఎనిమిది జతలకు అది నమ్మొద్దు, కాయిన్ ప్యాకేజీలో ఎగ్జాక్ట్ అని అడగండి.

గుణుపురం_మెట్ట
10 గ్రాముల కాటా దొరుకుతుంది. రైతులు పదిమంది దాకా ఒప్పుకునేలా ఉన్నారు.

పర్లాకిమిడి_లెక్కలు
పదిమందినీ తీసుకోండి. ఇద్దరు మధ్యలో ఒక పక్కకే యూరియా చల్లేస్తారు.