ఆమె ‘అపరిచిత’నా, ‘అజ్ఞాత’నా?

రష్యన్ చిత్రకారుడు ఇవాన్ క్రమ్‌స్కోయ్ 1883లో వేసిన ఆయిల్ పెయింటింగ్ ఒకటుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మంచు కమ్మిన వీధి, టాప్ తీసిన గుర్రపు బండి, అందులో బొచ్చు అంచు కోటు, తెల్లటి ఈకలున్న టోపీతో ఒకావిడ కూర్చుని మనవైపు చూస్తుంటుంది. రష్యన్‌లో దాని పేరు ఒక్కటే మాట, ‘నెయిజ్వేస్త్నయా’. చిత్రం అనీ లేదు, స్త్రీ అనీ లేదు, చివరున్న ప్రత్యయమే ఆడమనిషని చెప్పేస్తుంది. నేను తెలుగులో ‘గుర్తు తెలియని మహిళ’ అని రాస్తే మా తమ్ముడు చదివి, ‘శవం ఎక్కడ దొరికింది?’ అన్నాడు. వేరే మాటేదైనా చెప్పండి.

— ‘అజ్ఞాత’ పెట్టేయండి, పొట్టిగా ఉంది.

— అజ్ఞాత వద్దండీ. అజ్ఞాత కవి, అజ్ఞాత వ్యక్తి అంటాం, ఆడో మగో తేలదు. పైగా ఎక్కడో దాక్కున్నట్టుంటుంది, ఈవిడేమో నడివీధిలో టాప్ లేని బండిలో కూర్చుంది! ‘అపరిచిత’ అంటే ఊరందరికీ తెలిసి ఉండొచ్చు, పరిచయం లేనిది మనకే. (‘అపరిచితురాలు’ అంటే మాట బరువైపోతుంది.) ఆ బొమ్మ మీద గొడవంతా అదే కదా. ఖరీదైన ఫ్యాషన్ బట్టలు, పక్కన తోడు లేకపోవడం, ఇంకేముంది, స్తాసోవ్ అనే విమర్శకుడు బండెక్కిన వెలయాలు అన్నట్టే మాట్లాడాడు. ఇప్పుడు చూసేవాళ్లు ‘పొగరు’ అంటారు. నాకు అదీ ఒప్పుదల కాదు. కళ్లు చూడండి, రెప్పలు సగం వాలి ఉన్నాయి, ఎందుకంటే ఆమె బండి మీద ఉంది, మనం కింద రోడ్డు మీద ఉన్నాం, ఎత్తులో కూర్చున్న ఎవరు చూసినా చూపు అలాగే దిగుతుంది. ఇక ‘తెలియనిది’ అని తేట తెలుగు చేశామా, మనమూ స్తాసోవ్ పక్షమే, మనిషికి ‘-ది’ తగిలిస్తే ఎంత చులకనో తెలుసుగా.

— మరి ‘అనామిక’? వినడానికి బాగుంది.

— బాగుంటుంది కానీ పేరు లేకపోవడం వేరు, మనకు తెలియకపోవడం వేరు. పైగా అనామిక అంటే ఉంగరపు వేలు కూడా. ఆవిడేమో గ్లోవ్స్ వేసుకుంది, ఉంగరం ఉందో లేదో చూద్దామన్నా కుదరదు.