"వాడు మారిండు" అంటే మెచ్చుకోలు, "ఆమె మారింది" అంటే ఫిర్యాదు, ఎందుకట్ల?

మిర్యాలగూడ నుంచి పోస్టు:
గ్రూపుల అందరికి నమస్తే. తాగుడు బందువెట్టినోన్ని "మస్తు మారిండురా" అని మెచ్చుకుంటం. అదే పట్నంల నౌకరి జేసే కోడలు పండుగకు రాకపోతే "మొదటి లెక్క లేదు, మారింది" అంటరు, ఆ అనుడులనే ఇసం ఉంటది. పెండ్లయితే ఇంటిపేరు మారాలె, ఊరు మారాలె, తిండి మారాలె, అవేవీ లెక్కలకు రావు, తనంతట తాను ఒక్కటి మార్చుకుంటెనే "మారింది". ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా 1949ల "ది సెకండ్ సెక్స్"ల ఇదే పట్టుకున్నది: కొత్తది కట్టుడు, ముందటికి పోవుడు మొగోళ్ల వంతు, వండుడు తోముడు ఊడ్సుడు రేపు మల్ల అదే, ఆడోళ్లను ఆ తిరుగుడులనే ఉంచిన్రని. కాని ఇంటిపనిని ఆమె మరీ తక్కువ జేసిందనిపిస్తది నాకు. పొద్దుగాల బిందెలు నిండకపోతే ఏ పెద్దమనిషి ముందటికి పోతడు?

వనపర్తి తమ్ముడు:
అక్కా, వ్యాకరణంలనే ఉన్నది గదా. కాలం మారింది, బస్సు మారింది, ఆమె మారింది, అన్నిటికి ఒకటే "ది". ఆయనకే "మారిండు".

కోదాడ సారు:
తమ్మీ, గంత తొందరెందుకు. తమిళంల, కన్నడంల ఆమెకు వేరే ప్రత్యయం ఉన్నది, మరి అక్కడి ఆడోళ్ల కష్టాలు తీరినయా? పైగా బహువచనంల మనకు "మారిన్రు" అందరికి ఒకటే. నా అనుమానం "జమానా మారింది" మీద. మారుడు దానంతట అదే అయితది, మార్చుడంటె చేసినోళ్లుండాలె. ఆడబిడ్డకు తాతల నాటి ఆస్తిల వాటా వచ్చింది, జమానా మారింది అంటం, కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1986ల చట్టం సవరిస్తె అప్పటికే పెండ్లయినోళ్లకు అది దక్కలే, దేశమంతట 2005 దాక ఆగాల్సొచ్చింది, ఇప్పటికి గూడ అన్నదమ్ముల మొకం జూసి వద్దని సంతకం వెట్టేటోళ్లున్నరు. తెలంగాణ సాయుధ పోరాటం సంగతీ అంతే. మల్లు స్వరాజ్యం తుపాకి పట్టిన జిల్లా మనది, 1951ల పోరాటం ఆపంగనే ఆడోళ్లను ఇంటికి పొమ్మన్నరు. స్త్రీశక్తి సంఘటన అనే ఆడోళ్ల సంఘం వాళ్లు పోయి ఆ అవ్వలతోని మాట్లాడి "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకం వేస్తె గాని ఆ కోపం మనకు తెల్వలే.

మిర్యాలగూడ:
"మార్చిన్రు" అనాలంటరా సార్, మంచిదే. కాని ఒక్కతే చేస్తె? "ఆమె మార్చింది" అని నేనైతే ఇన్లే, "మర్లబడ్డది" అంటరు, ఎదురు తిరిగిందని.

వనపర్తి తమ్ముడు:
మా నాయనమ్మ ఆ మాట మీసం తిప్పినట్టు అంటదక్కా. బొంబాయి పనికి పోయినప్పుడు గుంపుమేస్త్రి పైసలు పట్టుకుంటె "నేనే మర్లబడ్డ" అని, మా ఇంట్ల అది తిట్టు గాదు. నిఘంటువుల ఎట్ల రాసిన్రో ఎవరన్న పేజి ఫొటో పెట్టున్రి.