టీవీలో సినిమాల్ని ఏకిపారేసిన జుడిత్ క్రిస్ట్ (చర్చ)

పాతరీలు:
1964 నుంచి 1973 దాకా ఎన్‌బీసీ ‘టుడే’ అనే పొద్దుటి టీవీ షోలో అమెరికన్ సినీ విమర్శకురాలు జుడిత్ క్రిస్ట్ సినిమాల మీద మాట్లాడింది కదా. అదే రోజుల్లో పత్రికలకూ రాసేది. మైకు ముందు చెప్పడానికీ అచ్చులో రాయడానికీ తేడా ఎలా చూపించేది? టీవీలో హాలీవుడ్ కబుర్లు చెప్పిన రోనా బారెట్‌ని కూడా ఇదే గాటన కట్టొచ్చా?

బాల్కనీ_సీటు:
తేడా సంగతి తర్వాత. 1963లో ‘క్లియోపాత్రా’ని ఉతికి ఆరేసినందుకు ఆ సినిమా తీసిన ఫాక్స్ స్టూడియో వాళ్లు ప్రివ్యూలకి రావద్దన్నారు చూడండి, అసలు కథంతా అక్కడుంది. టీవీ పిలుపు దాని తర్వాతే.

మాజీ_డెస్కు:
తప్పు. గుమ్మం మూసింది వార్నర్ బ్రదర్స్. సినిమా ‘స్పెన్సర్స్ మౌంటెన్’. న్యూయార్క్ థియేటర్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ఆమె పత్రిక ‘హెరాల్డ్ ట్రిబ్యూన్’కి యాడ్లు కూడా ఆపేసింది. పదహారేళ్లు సినిమా పేజీ చూసినవాణ్ణి, ఇవి నాకు కంఠతా.

బాల్కనీ_సీటు:
కంఠతా వచ్చింది సగమే. ఫాక్స్ సంగతి చెప్పింది సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్. ఆ గొడవ చూశాకే మిగతా పత్రికలు కూడా మనకో విమర్శకుడు కావాలనుకున్నాయని ఆయన మాట. మీ పదహారేళ్లనీ ఆయనకొచ్చిన జర్నలిజం అవార్డు పులిట్జర్‌నీ తక్కెడలో పెట్టమంటారా?

మాజీ_డెస్కు:
పులిట్జర్ ఇచ్చింది రివ్యూలకి. జ్ఞాపకశక్తికి కాదు.

చిన్నతెర:
యాడ్లు అనగానే నా పుండు మీద కారం పడింది. ఒక ఛానల్లో శుక్రవారం రివ్యూ చెప్పేదాన్ని. ఓ సినిమా ఇంటర్వెల్ తర్వాత చతికిలబడిందన్నాను, అంతే. మధ్యాహ్నానికి మార్కెటింగ్ నుంచి ఫోను. రాత్రి రిపీట్‌లో నా పెదాలు కదులుతున్నాయి, వెనక సినిమా పాట వస్తోంది. హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్లు తమ విమర్శకురాలి పక్షాన ఏకంగా సంపాదకీయం రాశారు. మావాళ్లు నాకు వంటల ప్రోగ్రాం ఇచ్చారు.

బొటనవేలు:
టీవీ విమర్శ అంటే జీన్ సిస్కెల్, ఎబర్ట్ జంట! 1975లో షికాగోలో మొదలుపెట్టారు. మిగతావాళ్లంతా పక్కవాయిద్యం.

మాజీ_డెస్కు:
అప్పటికి క్రిస్ట్ ‘టుడే’ వదిలేసి రెండేళ్లు. సినిమా బాగుంటే బొటనవేలు పైకీ, లేకపోతే కిందకీ ఆడించడం కూడా విమర్శేనా? ట్రాఫిక్ కానిస్టేబులూ అదే చేస్తాడు.

బొటనవేలు:
ఆ వేలికి ముందు ఇద్దరూ జుట్లు పట్టుకున్నంత పని చేసేవాళ్లు, అది విన్నారా ఎప్పుడైనా? చూడకుండా మాట్లాడటం డెస్కు జబ్బు.

గాసిప్_కాదు:
రోనా గురించి అడిగారు, ఒక్కరూ పట్టించుకోలేదు. ఆవిడ విమర్శకురాలు కాదు, రిపోర్టర్. 1970ల్లో ‘గుడ్ మార్నింగ్ అమెరికా’లో హాలీవుడ్ కబుర్లు చెప్పేది. గాసిప్ అని ముక్కు విరిచేవాళ్లకి ఒకటే మాట: స్టూడియోల లోపలి వ్యాపారం కూడా వార్తేనని అంత పొద్దున్నే జనానికి అలవాటు చేసింది. తర్వాత ఎన్‌బీసీకి వెళ్లి షో హోస్టు టామ్ స్నైడర్‌తో పొసగక పెద్ద రభస. ‘ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్’ అనే సినిమా కబుర్ల షో 1981లో వచ్చింది, అప్పటికే దారి పడి ఉంది.

బాల్కనీ_సీటు:
స్నైడర్ తప్పే అది.

గాసిప్_కాదు:
మళ్లీ మొదలెట్టకండి.

పంతులమ్మ:
క్రిస్ట్ కొలంబియా యూనివర్సిటీలో జర్నలిజం పిల్లలకి 50 ఏళ్లకు పైగా రాత నేర్పిందండీ. 2012లో పోయేదాకా పాఠాలే. టీవీ కార్యక్రమాల వివరాలిచ్చే పత్రిక ‘టీవీ గైడ్’లో ఇరవై ఏళ్లకు పైగా రాసింది. అక్కడ చదివేవాడు టికెట్టు కొనడు, ఈ రాత్రి ఇంట్లో మేలుకోవాలా పడుకోవాలా అని చూస్తాడు. పాతరీలు గారూ, మీరడిగిన తేడాకి జవాబు కొంత ఇందులో ఉందేమో. దర్శకుడు బిల్లీ వైల్డర్ అయితే, ఈవిడని రివ్యూకి పిలవడమంటే గొంతు నులిమి చంపే హంతకుడు బోస్టన్ స్ట్రాంగ్లర్ చేత మెడ పట్టించుకోవడమే అన్నాడు.

మాజీ_డెస్కు:
వైల్డర్ మాట నేనే చెబుదామనుకున్నాను.

బొటనవేలు:
కంఠతా కదా, ఎక్కడ ఆగింది?

పాతరీలు:
పంతులమ్మ గారూ, ధన్యవాదాలు. మిగతావాళ్లు కొట్టుకోండి. చిన్నతెర గారూ, ఇంతకీ ఆ సినిమా ఏది?

చిన్నతెర:
చెప్పను. వంటల ప్రోగ్రాం కూడా పోతుంది.